స్పానిష్‌లో చెప్పుకున్న గోడు

మా ఆఫీసులో నా పక్క డెస్క్ అమ్మాయంటే నాకు ఒళ్లు మంట. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. ఆ అమ్మాయి నాకు ఏ అపకారమూ చేయలేదు. పైగా నా పుట్టినరోజు గుర్తుపెట్టుకుని కేక్ తెస్తుంది. మంచు పడిన రోజుల్లో తన కారుతో పాటు నా కారు అద్దం కూడా గీకి పెడుతుంది. అయినా సరే, ఒళ్లు మంటే.

మాది షికాగోకి పడమర పక్క అరోరాలో, వలస వచ్చినవాళ్లకి ఉచితంగా సాయం చేసే చిన్న సంస్థ. లాయర్లు కోర్టు పనీ, వాదనలూ చూసుకుంటారు. మిగతా చాకిరీ అంతా మా కేస్ మేనేజర్లది. వచ్చినవాళ్ల గోడు వినాలి, కాగితాలు పోగు చేయాలి, వేలిముద్రలకీ డాక్టర్ దగ్గరికీ వెంట వెళ్లాలి, మధ్యలో ధైర్యం చెప్పాలి. మా అందరి పేర్ల కిందా 'బైలింగ్యువల్' అని రాసి ఉంటుంది. పక్క డెస్క్ అమ్మాయిది స్పానిష్. నాది తెలుగు.

నా కడుపుమంట అక్కడే మొదలైంది. ఆ అమ్మాయి ఈ ఊళ్లోనే పుట్టింది, వాళ్ల అమ్మానాన్నలు మెక్సికో నుంచి వచ్చారు. పొద్దున్న తలుపు తీసేసరికి ఆ అమ్మాయి కోసం మెట్ల మీద మనుషులు కూర్చుని ఉంటారు. ముసలమ్మలు ఆమె బుగ్గలు పట్టుకుని 'మిహా' అంటారు. అంటే 'అమ్మడూ' అని. కేసు గెలిచినవాళ్లు మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలేలు గిన్నెలకొద్దీ తెస్తారు. ఆమె డెస్క్ మీద ఎప్పుడూ ఏదో ఒకటి పొగలు కక్కుతూ ఉంటుంది. నాకూ పెడుతుంది, కాదనను. ఆమె గిన్నెలోంచి తినేటప్పుడు ఆ ముద్ద ఎంత బాగుంటే నాకు అంత కోపం వచ్చేది.

మరి నాకు ఎవరు వచ్చేవారు? ఫోన్లు వచ్చేవి. "అక్కా, మీరు తెలుగంట కదా, మా ఫ్రెండ్ నంబర్ ఇచ్చాడు. నా హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్‌కి ఏదో క్వెరీ వచ్చింది, జస్ట్ ఒక లుక్ వేస్తారా?" అలాంటి ఆఫీస్ వీసాలు మేం చూడం బాబూ అంటే, "మరి ఫ్రీ అన్నారు?" అని నన్నే నిలదీసేవాళ్లు. నేపర్‌విల్‌లో ఇంత ఇల్లు కట్టుకున్నవాళ్లు కూడా ఉచితం అనేసరికి నా నంబర్ పట్టుకుని వదిలేవాళ్లు కాదు. నా తెలుగు ఎవరికైనా ప్రాణావసరమైన రోజు ఒకటి రావాలని, ఆ రోజు మెట్ల మీద నా కోసం ఒక మనిషి కూర్చుని ఉండాలని నేను నిజంగా కోరుకునేదాన్ని. అంటే ఎవరికో కష్టం రావాలని కోరుకున్నట్టే కదా అని మా ఆయన అన్నాడు. ఆయనతో ఆ రోజంతా మాట్లాడలేదు.

చలి తగ్గుతుండగా, మార్చిలో ఒకావిడ వచ్చింది. ఆడవాళ్ల కోసం నడిపే ఒక ఆశ్రయం వాళ్లు వెంటబెట్టుకుని వచ్చారు. నలభై దాటి ఉంటాయి, నాకంటే కాస్త పెద్ద. ఎవరిదో పెద్ద స్వెట్టర్ తొడుక్కుని, దాని చేతులు రెండు మడతలు మడిచింది. జుట్టు గట్టిగా లాగి ముడి వేసుకుంది. పోలీసులు రాసిచ్చిన దాన్నిబట్టి అప్పటికి మాకు తెలిసింది ఇంతే: ఒక తెలుగు కుటుంబం వాళ్లు తమ పసిపిల్లని చూసుకోవడానికి ఆవిణ్ణి 'మా పిన్ని' అని చెప్పి విజిటర్ వీసా మీద తీసుకొచ్చారు. పాస్‌పోర్ట్ దాచేశారు. జీతం మాట ఎత్తనివ్వలేదు, గడప దాటనివ్వలేదు. ఒకరోజు చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్లి, అటునుంచి అటే పక్కింటి తలుపు కొట్టింది.

అలా మోసపోయి చాకిరీలో ఇరుక్కున్నవాళ్లకి ఇక్కడ ఒక వీసా ఉంది. అది వస్తే ఆవిడ ఇక్కడ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క కూతుర్ని కూడా తెచ్చుకోవచ్చు. కాకపోతే అర్జీ పెట్టేనాటికి ఆ పిల్లకి ఇరవై ఒకటి నిండకూడదు. అక్టోబర్‌లో నిండుతుంది. అర్జీతో పాటు ఆవిడ నోటితో ఆవిడ చెప్పిన కథ కావాలి. మొదట ఎవరు పిలిచారు, ఏమని పిలిచారు, వచ్చాక ఏం జరిగింది, మొత్తం. అది లేకపోతే ఫైల్ కదలదు. అక్టోబర్ దాటితే కూతురు రాదు.

లాయర్ నా వైపు తిరిగి "ఇది నీ కేసు" అన్నాడు. నేను పక్క డెస్క్ వైపు చూశాను. ఆ అమ్మాయి నవ్వుతూ బొటనవేలు ఎత్తి చూపించింది. ఎప్పుడూ ఇంతే, ఒకరు బాగుపడితే ఏడవడం ఆ పిల్లకి చేతకాదు.

ఆవిణ్ణి లోపలి గదిలో కూర్చోబెట్టి, ఇంట్లో కాచి ఫ్లాస్కులో పోసుకెళ్లిన టీ కప్పులో వంచి ఇచ్చాను. అల్లం దంచి వేశాను. ఇంక మన పద్ధతిలో మొదలుపెట్టాను.

"మీదే ఊరండీ?"

ఆవిడ ఊరి పేరు చెప్పింది. నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను.

"అయ్యో! మా పిన్ని వాళ్ల అత్తారిది మీ పక్క ఊరేనండీ! చిన్నప్పుడు సెలవలకి మీ ఊరి మీదుగానే బస్సులో వెళ్లేవాళ్లం. మీది చర్చి ఉన్న వీధా, కాలవ అవతలా? ఇంటిపేరేంటి? ఒక్క ఫోన్ కొట్టానంటే మీ వాళ్లెవరో, మా వాళ్లెవరో ఇట్టే తేలిపోతుంది. మీరేం బెంగపెట్టుకోకండి. నన్ను సొంత చెల్లెలనుకోండి."

ఇందులో ఏం తప్పుందో చెప్పండి. పటేల్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర కలిసినా, చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల వరసలో నిలబడినా తెలుగువాళ్లం ఇలాగే మొదలుపెడతాం. ఊరు, పక్క ఊరు, ఇంటిపేరు, మా అత్తయ్య, మీ బాబాయ్. చుట్టరికం దొరికేదాకా తవ్వుతాం. దొరికాక ఇద్దరి ముఖాలూ వెలుగుతాయి. నా ముఖం వెలిగింది. ఆవిడ మాత్రం కప్పు బల్ల మీద పెట్టేసింది.

"ఆయ్" అంది.

మా గోదావరి వైపు అవునండీ అనడానికి ఆ మాటంటారు. ఆ రోజుకి ఆవిడ చెప్పింది అంతే.

తర్వాతి వారం మళ్లీ వచ్చింది. ఆ తర్వాతి వారం కూడా. ప్రతిసారీ వేళకి వచ్చేది, కుర్చీ అంచు మీద కూర్చునేది, చేతులు ఒళ్లో పెట్టుకునేది. ఏం అడిగినా 'ఆయ్', 'లేదండి', 'గుర్తు లేదండి'. కూతురు ఎక్కడుంది అంటే 'ఊళ్లోనండి'. ఎవరి దగ్గరుంది అంటే 'మావోళ్ల దగ్గరండి'. ఫోన్ నంబర్ ఇవ్వండి, వివరాలు కనుక్కుంటాను అంటే 'పోయిందండి'. రోజూ కూతురితో మాట్లాడుతుందని ఆశ్రయం వాళ్లు చెప్పారు. నాకు మాత్రం నంబర్ పోయింది.

నేనూరుకుంటానా? గోంగూర పచ్చడి రుబ్బి సీసాలో పెట్టి తీసుకెళ్లాను. రెండు చేతులతో అందుకుని 'ఆయ్' అంది. మర్నాడు పొద్దున్న పక్క డెస్క్ అమ్మాయి వచ్చి, ఆశ్రయంలో తన క్లయింట్లని చూడ్డానికి వెళ్తే ఆవిడ ఏదో పుల్లటి ఆకుపచ్చని పచ్చడి టోర్టిల్లా రొట్టెలో పెట్టి ఇచ్చిందనీ, జన్మలో అంత రుచైనది తినలేదనీ, దాన్నేమంటారనీ అడిగింది. నేను రెండు మిక్సీలు మార్చి రుబ్బిన గోంగూర. నాకు తెలియదన్నాను.

ఆవిడ మెళ్లో సన్నటి నల్లదారానికి చిన్న సిలువ ఉండేది. మేమూ క్రైస్తవులమే కాబట్టి, ఇంక ఇది తిరుగులేని దారి అనుకున్నాను. ఆదివారం మా తెలుగు చర్చికి రండి, నేనే వచ్చి కార్‌లో తీసుకెళ్తాను, పాటలన్నీ మన పాటలే, ఆరాధన అయ్యాక కోడికూర భోజనం అన్నాను. వెంటనే తల అడ్డంగా ఊపింది. అన్ని వారాల్లో ఆవిడ అంత గట్టిగా చెప్పిన జవాబు అదొక్కటే. సరే, బయటికి రావడం ఇష్టం లేదేమో అనుకున్నాను. కాదట. ఆశ్రయంలో ఉన్న గ్వాటెమాలా ఆడవాళ్లతో కలిసి ప్రతి ఆదివారం స్పానిష్ చర్చికి వెళ్తోందట. అక్కడ పాటలకి అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతుందట. ఈ సంగతి నాకు ఎవరు చెప్పారో వేరే చెప్పక్కర్లేదు.

ఆగస్టు వచ్చేసింది. నా దగ్గర ఒక పేజీ కూడా లేదు. లాయర్ రెండు రోజులకోసారి నా డెస్క్ దగ్గర ఆగి కేలెండర్ వైపు చూసి వెళ్లేవాడు. నాకు భయం పట్టుకుంది. ఆవిడ కూతురి ముఖం నేనెప్పుడూ చూడలేదు, అయినా రాత్రిపూట అన్నం తింటుంటే గుర్తొచ్చేది. వాళ్లమ్మ నోరు విప్పకపోతే ఆ పిల్ల అక్కడే ఉండిపోతుంది. నోరు విప్పించాల్సింది నేను.

అలాంటి ఒక మధ్యాహ్నం కాఫీ కోసం వంటగదివైపు వెళ్తుంటే లోపల్నించి నవ్వు వినిపించింది. పెద్ద నవ్వు. తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆవిడ మైక్రోవేవ్‌కి ఆనుకుని నిలబడి, చేతులు తిప్పుతూ ఏదో చెప్తోంది. ఎవరో లావుపాటి మనిషిలా నడిచి చూపిస్తోంది. పక్క డెస్క్ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆవిడ చెప్తున్నది స్పానిష్‌లో. తప్పులతడక స్పానిష్ అని నాకు కూడా తెలుస్తోంది, కానీ ఆగకుండా, తడుముకోకుండా చెప్తోంది. నన్ను చూడగానే ఆ చేతులు కిందికి దిగిపోయాయి.

"ఆవిడకి స్పానిష్ వచ్చని నీకు తెలుసా?" అంది ఆ అమ్మాయి మెరిసే కళ్లతో. "ఇన్ని నెలలు వాళ్లందరితో కలిసి వండుతూ నేర్చేసుకుందట! అంతకుముందు కువైట్‌లో పనిచేసినప్పుడు అరబ్బీ కూడా ఇలాగే నేర్చుకుందట."

కువైట్! నాతో కువైట్ మాటే అనలేదు. కాఫీ కలుపుకోకుండానే వెనక్కి వచ్చేశాను. కుర్చీలో కూర్చున్నాను కానీ కళ్ల ముందు అక్షరాలు కనపడలేదు. ఒక మనిషికి నా ముందు మాట పెగలదు, ముక్కూ ముఖం తెలియని భాషలో మాత్రం నాటకాలు వేసి చూపిస్తుంది. నేనేం పాపం చేశాను?

ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తేస్తుంటే మా ఆయనకి విషయం అర్థమైంది. ఆయనది కరీంనగర్ దగ్గర. కోపం వచ్చినా గొంతు లేవని మనిషి.

"ఏందే, ఆ పిల్ల మీద పడ్డవ్ మళ్ల? ఆమె పని ఆమె చేసుకుంటున్నది."

"నా పని కూడా ఆమే చేసేస్తోంది!"

"మంచిగైంది కదా. కేసు నడుస్తది. నీకు ఆమె కేసు కావాల్నా, ఆమె కావాల్నా?"

నాకు ఆమె కావాలి. ఆ మాట ఆయనతో అనలేదు గానీ నిజం అదే. పద్నాలుగేళ్లుగా ఈ దేశంలో ఉంటూ, బజార్లో ఇంగ్లీషు, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో సగం ఇంగ్లీషు మాట్లాడీ మాట్లాడీ, ఒక మనిషి కూర్చుని మా ఊరి యాసలో కడుపులోది వెళ్లగక్కితే వినాలని నాకు ఆకలి.  ఆవిడ తెలుగు నా హక్కు అనుకున్నాను.

మర్నాడు నేనే లాయర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆవిడ స్పానిష్‌లో చెప్పగలదు, ఆ అమ్మాయి రాసుకుంటుంది. ఈ ముక్కలు చెప్పేటప్పుడు నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. లాయర్ సంతోషించి, అయినా నువ్వు కూడా గదిలో ఉండు, ఎక్కడైనా తెలుగు మాట వస్తే అందుకోవడానికి అన్నాడు. అంటే డిక్షనరీలాగన్నమాట.

సెప్టెంబర్‌లో కిటికీలోంచి ఫాక్స్ నది కనిపించే గదిలో కూర్చున్నాం. ఒకవైపు ఆవిడ, ఆవిడ పక్కనే కుర్చీ జరుపుకుని ఆ అమ్మాయి, ఎదురుగా లాయర్, తలుపు దగ్గర నేను. ఆవిడ స్పానిష్‌లో చెప్తుంటే ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్తూ టైప్ చేస్తోంది. బట్టలుతికే గదిలో నేల మీద పడుకోవడం, రాత్రిళ్లు పిల్ల ఏడిస్తే లేవడం, పాస్‌పోర్ట్ పెట్టిన అలమారకి తాళం వేసి ఆ తాళంచెవి ఇంటావిడ మెడలో వేసుకోవడం. మాట దొరక్కపోతే చేతులతో చూపించింది. ఒక్కచోట మాత్రం ఆగింది. పసిపిల్లకి ఉగ్గు పెట్టడం అని చెప్పాలి. దానికి స్పానిష్ మాట తెలియక 'ఉగ్గు' అనేసి బల్ల వైపు చూసింది. "బేబీ ఫుడ్" అన్నాను నేను తలుపు దగ్గర్నించి. ఆ రోజు మొత్తానికి నేను చేసిన ఉద్యోగం అది.

తర్వాత లాయర్, మొదట్నించీ చెప్పమను, ఆ ఇంటావిడ ఎలా పరిచయం అని అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆ అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చింది.

"నేను కువైట్‌లో ఉండగా ఎవరో నా నంబర్ ఇస్తే ఫోన్ చేసింది. మొదట మా ఊరేదని అడిగింది. నేను చెప్పాను. వాళ్ల అమ్మమ్మగారిది మా పక్క ఊరేనంది. ఏ వీధి అని అడిగింది, ఇంటిపేరు అడిగింది. మా చిన్నాన్న వాళ్లకి తెలుసంది. నాకు చాలా సంతోషమేసింది. నన్ను నీ చెల్లెలనుకో అంది. పరాయి దేశంలో అరబ్బుల దగ్గరెందుకు, మన వాళ్ల దగ్గరికి వచ్చెయ్యి అంది. అందుకని వచ్చాను."

ఆ అమ్మాయికి ఆ మాటల్లో ఏమీ వినపడలేదు. మామూలుగా టైప్ చేసుకుంటూ పోతోంది. నాకు మాత్రం వినపడింది. అల్లం టీ ముందు పెట్టి నేనన్న మాటలూ అవే. అదే వరసలో.

"తర్వాత ఇంటికి పంపించెయ్యమని ఎప్పుడు అడిగినా, మీ ఊళ్లో మాకు తెలియనివాళ్లు లేరనేది. ఒక్క ఫోన్ చాలనేది. నా కూతురు కాలేజీకి ఏ బస్సెక్కుతుందో, ఎక్కడ దిగుతుందో కూడా చెప్పేది. అందుకే పోలీసులొచ్చిన రోజే నా కూతుర్ని ఊరు మార్పించాను."

లాయర్, ఇప్పుడు కూతురు ఎక్కడుందో చెప్పమన్నాడు. అర్జీలో అది రాయాలి. ఆవిడ ఆగిపోయింది. తలెత్తి నా వైపు చూసింది. ఆర్నెల్లలో మొదటిసారి నేరుగా నా కళ్లలోకి చూసింది. చూసి, ఆ అమ్మాయి చెవి దగ్గరికి వంగి మెల్లగా ఏదో అంది. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. నాతో చెప్పడానికి చాలాసేపు తడబడింది.

"సారీ... అది చెప్పేటప్పుడు మీరు కాసేపు బయట ఉంటారా అని అడుగుతోంది."

లేచి బయటికి వెళ్లాను. ఒక్క మాట అనలేదు. తలుపు మెల్లగానే వేశాను. వరండాలో నీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డాను. తల కొట్టేసినట్టయింది. నాకప్పుడు ముందుగా ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్తాను. అయ్యో పాపం అని కాదు. ఆ ఊరి పేరు ఆ అమ్మాయికి సరిగ్గా పలకడం కూడా రాదు కదా, అదీ నాకు తట్టింది. ఎక్కడ ఒత్తు ఉందో, ఎక్కడ దీర్ఘం ఉందో తెలియని పిల్ల చేతికి ఆ పేరు వెళ్లింది. నేను మాత్రం గోడ ఇవతల ఉన్నాను.

ఆవిణ్ణి తప్పుపట్టడానికి చాలా ప్రయత్నించాను. ఆ సాయంత్రం ఇంటికి డ్రైవ్ చేస్తూ దారి పొడుగునా ప్రయత్నించాను. నేనెక్కడ, ఆ రాక్షసి ఎక్కడ, ఆ మాత్రం తేడా తెలియదా అని కార్‌లో ఒక్కదాన్నే గట్టిగా అరిచాను. కానీ ఎలా తెలుస్తుంది? ఇద్దరం అదే మాట అన్నాం, అదే ఊరు తవ్వాం, అదే ఫోన్ కొడతామన్నాం. ఆవిడ కూతురు ఏ బస్సెక్కుతుందో పది నిమిషాల్లో కనుక్కోగలిగిన మనిషినే నేను కూడా. పక్క డెస్క్ అమ్మాయికి ఆ జిల్లాలో ఒక్క పురుగు కూడా తెలియదు. ఆవిడకి కావాల్సింది అదే, అది నా దగ్గర లేదు. ఎంత ఏడ్చినా నేను ఆ ఊరు తెలియనిదాన్ని కాలేను కదా.

అర్జీ గడువు లోపలే వెళ్లింది. వెళ్లిన రోజు ఆవిడ ఆశ్రయంలో గారెలు వండి ఆఫీసుకి తెచ్చింది. పళ్లెం తీసుకెళ్లి ఆ అమ్మాయి డెస్క్ మీద పెట్టింది. తర్వాత కాగితం పళ్లెంలో నాకూ వేసి తెచ్చి, రెండు చేతులతో ఇచ్చింది. "ఆయ్" అన్నాను నేను. ఆవిడ పెదాలు కాస్త కదిలాయి, అది నవ్వో కాదో నాకు తెలియలేదు. గారెలు లోపల మెత్తగా, అంచు కరకరలాడుతూ, మా అమ్మ చేసినట్టే ఉన్నాయి. ఇంకో రెండు అడుగుదామనుకుని, ఆ పళ్లెం దగ్గరికి వెళ్లడం ఇష్టంలేక ఊరుకున్నాను.

కూతురితో మాట్లాడాల్సిన పనైనా నాకు వస్తుందనుకున్నాను. ఆ పిల్ల నర్సింగ్ చదువుతోందట, ఇంగ్లీషు వచ్చట. ఆ ఫోన్లు కూడా పక్క డెస్క్ అమ్మాయే చేసింది. అడ్డు చెక్క అవతల్నించి ఆ పిల్ల పేరుని ముక్కలు ముక్కలుగా విరగ్గొడుతుంటే విని పళ్లు కొరుక్కునేదాన్ని. ఒకసారి వెళ్లి ఇలా పలకాలి అని చెప్పాను. ఎంతో సంతోషంగా నేర్చుకుంది. నేర్చుకున్నాక ఇంకా ఒళ్లు మండింది.

ఇలాంటి కేసులు తేలడానికి ఏళ్లు పడుతుంది. మధ్యలో ఆవిడ ఆశ్రయం వదిలి ఒక గది అద్దెకి తీసుకుంది, ఒక బేకరీలో పనికి కుదిరింది. మంజూరైన వార్త వచ్చింది. చివరికి కూతురు బయల్దేరుతున్న రోజు కూడా వచ్చింది. ఆ రోజు పక్క డెస్క్ అమ్మాయి కారు రిపేర్‌లో ఉంది. ఎయిర్‌పోర్ట్‌కి మీరు తీసుకెళ్తారా అని నన్ను బతిమాలింది. కాబట్టి ఆ శుభకార్యానికి నేను డ్రైవర్‌గా వెళ్లాను. వాళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. దారంతా స్పానిష్. నేను అద్దంలో చూడకుండా రోడ్డు వైపే చూస్తూ నడిపాను.

ఓహేర్‌లో ప్రయాణికులు బయటికి వచ్చే తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాం. ఆవిడ ఒక్కసారి కూడా కూర్చోలేదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ముందుకి ఒక అడుగు వేసి మళ్లీ వెనక్కి వచ్చేది. చివరికి ట్రాలీ తోసుకుంటూ, బెదురు కళ్లతో, చలికాలం కోటు చేతి మీద వేసుకుని ఒక పొడుగాటి పిల్ల వచ్చింది. అమ్మని చూసి ట్రాలీ వదిలేసింది.

ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. తర్వాత ఆవిడ నోరు తెరిచింది.

"ఏంటే ఇలా సిక్కిపోయావు? తిండి తింటన్నావా లేదా? ఆ జుట్టేంటే, నూనె రాసుకోవడానికి కూడా కాళీ లేదా నీకు? ఇటు తిరుగు. తిరగవే ఓపాలి! ఈ సెంప మీదేంటి మచ్చ? పోన్‌లో ఒక్క ముక్కన్నా సెప్పావా?"

 ఇదన్నమాట ఆవిడ గొంతు. ఇంత పెద్ద గొంతు, ఇంత అధికారం, ఇంత యాస. మా అమ్మమ్మ పెరట్లో నిలబడి పిలిచే గొంతు. మా ఇద్దరి మధ్యా అన్ని వారాలు బల్ల మీద టీ చల్లారిపోతుంటే ఈ గొంతు ఆ మనిషి లోపలే ఉందన్నమాట. తిట్లు తింటూ ఏడుస్తూ నవ్వుతున్న ఆ పిల్లని చూసి నాకు కుళ్లు పుట్టింది. కన్నకూతుర్ని చూసి కుళ్లుకున్నాను, ఇంకేం చెప్పను.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని మా ఇద్దరి వైపూ చూసింది. "ఈళ్లెవరే అమ్మా?" అంది.

"ఆ పిల్లే, నీతో పోన్‌లో మాట్టాడేది. ఆ పిల్లతోనే అంతా సెప్పుకున్నాను" అంది ఆవిడ. నా వైపు తిరిగింది. గొంతు ఏమీ తగ్గించలేదు. నేను చేయి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాను. "ఆవిడ మన తెలుగావిడే. మొదట్లో ఆవిణ్ణి సూత్తేనే బయమేసేది నాకు. బయటికెల్లండి అన్నాను ఓరోజు. కిక్కురుమనకుండా ఎల్లిపోయింది. అప్పుడు పోయిందే ఆ బయం."

"మరి ఆవిడికెందుకు సెప్పలేదే?"

"ఎలా సెప్పనే? ఆ బాసలో అయితే ఎవరికో జరిగినట్టు సెప్పేశాను. ఆవిడ ముందు కూకుంటే మన మాటే వత్తాది నోటికి. మన మాటలో ఆ కత సెప్పుంటే మద్దిలోనే సచ్చిపోయేదాన్ని. నేను సత్తే నువ్వెలా వత్తావే ఇక్కడికి?"

చెప్పేసి, ఇంక నా వైపు చూడకుండా కూతురి కోటు గుండీలు పెట్టడం మొదలుపెట్టింది.

పక్క డెస్క్ అమ్మాయి ఏడుస్తూనే నా మోచేయి పట్టుకుంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ మాట తనకి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. "ఏమంటోంది? మీ గురించేనా? ప్లీజ్, చెప్పండి" అంది ఇంగ్లీషులో.

"కూతురు చిక్కిపోయిందట" అన్నాను.

మిగతాది ఆ అమ్మాయికి ఇవ్వలేదు.